కాలిక్యులేటర్ చూపించిన అంకెల్లో ఎన్ని నిజం? యూనిట్లు, సార్థక అంకెల అసలు సంగతి

ఒక ముక్క ద్రవ్యరాశి 4.73 గ్రాములు, ఘనపరిమాణం 1.9 మిల్లీలీటర్లు, సాంద్రత ఎంత అని అడిగితే కాలిక్యులేటర్ 2.489473684 అని చూపిస్తుంది. చాలామంది స్టూడెంట్స్ అందులోంచి కనీసం నాలుగు అంకెలు రాసేస్తారు, ఎందుకంటే ఎన్ని ఎక్కువ రాస్తే అంత కరెక్ట్ అనే నమ్మకం ఎక్కడో పడిపోయి ఉంటుంది. ఆన్సర్ కీలో 2.5 అని ఉంటే కోపం వస్తుంది, ఉన్నదాన్ని కోసేసి తక్కువ చెప్పడం ఏం సైన్స్ అని.

సరే, లెక్క ఇంకోలా వేసి చూద్దాం. 1.9 అని రాశారంటే అది 1.85కి 1.95కి మధ్యలో ఎక్కడో ఉందని అర్థం, అంతకంటే ఎక్కువ ఆ కొలిచిన మనిషికి కూడా తెలీదు. 4.73ని 1.85తో భాగిస్తే 2.557 వస్తుంది, 1.95తో భాగిస్తే 2.426 వస్తుంది. అంటే అసలు సాంద్రత దాదాపు 2.43 నుంచి 2.56 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఇప్పుడు 2.489లో ఆ 8, ఆ 9 ఎక్కడినుంచి వచ్చినట్టు? భాగహారం నుంచి వచ్చాయి అంతే, ముక్క నుంచి రాలేదు. మొదటి 2 గట్టిగా ఉంది, రెండో అంకె దగ్గరే ఊగడం మొదలైపోయింది, ఇక మూడో అంకె గురించి మాట్లాడటానికి ఏమీ లేదు. అందుకే 2.5.

సార్థక అంకెల (కొలతలో నమ్మదగ్గ అంకెల) చాప్టర్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది: ఏ అంకె దగ్గర ఊగుడు మొదలవుతోంది? ఊగే మొదటి అంకె దాకా రాయాలి, తర్వాత ఆపేయాలి. గుణకారానికి ఒక రూలు, కూడికకి ఒక రూలు, సున్నాలకి నాలుగు రూల్సు, లాగరిథమ్‌కి ఇంకోటి అని విడివిడిగా బట్టీ పట్టించడం వల్లే ఈ చాప్టర్ అంటే చిరాకు పుడుతుంది, పరీక్ష అయిన వారానికి మొత్తం కలిసిపోతుంది. ఆ ప్రశ్న పట్టుకుంటే రూల్సన్నీ వాటంతట అవే వస్తాయి.

ముందు కొలిచే చోట చూద్దాం. ల్యాబ్‌లో వాడే 50 మి.లీ. బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచి వదిలే గీతల గొట్టం) మీద గీతలు 0.1 మి.లీ.కి ఒకటి ఉంటాయి. రెండు గీతల మధ్య ద్రవం అంచు ఎక్కడుందో కంటితో అంచనా వేసి ఇంకో అంకె రాయాలి, అంటే 23.4 కాదు, 23.46. ఆ 6 అంచనా, పక్కన నిలబడ్డ వాళ్ళకి 5 అనో 7 అనో అనిపించొచ్చు, అయినా అది రాయాలి, ఎందుకంటే అది పూర్తిగా గాలిలోంచి వచ్చింది కాదు, 1 కాదు 9 కాదు అని కచ్చితంగా చెప్పగలం కదా. ద్రవం సరిగ్గా గీత మీదే ఉంటే 23.40 అని రాయాలి, 23.4 అని కాదు. ఇక్కడే ఎక్కువమంది జారతారు, చివరి సున్నాకి విలువేంటి అనుకుంటారు. లెక్కల్లో రెండూ ఒకటే, ల్యాబ్ రికార్డులో మాత్రం ఒకటి బ్యూరెట్‌తో కొలిచిందని చెప్తుంది, ఇంకోటి అంతకంటే మొరటు పరికరంతో కొలిచిందని చెప్తుంది. డిజిటల్ బ్యాలెన్స్‌కి మన అంచనా అక్కర్లేదు, తెర మీద ఉన్నదంతా రాసుకోవాలి, చివర సున్నా ఉన్నా సరే. బీకరు మీద గీతలుంటాయి కదా అని దాంతో కొలిచేవాళ్ళు ఉంటారు, ఆ గీతలు మామూలుగా 5 శాతం అటూఇటూ ఉంటాయి, 100 అన్న చోట 95 ఉన్నా 105 ఉన్నా తయారుచేసినవాళ్ళ తప్పు కాదు. క్లాస్ ఏ అనే కచ్చితమైన రకం 25 మి.లీ. పిపెట్ (ఒకే కొలత ద్రవం తీసే గొట్టం) అయితే 0.03 మి.లీ. తేడాకి మించదు. అందుకే తెలియని గాఢత కనుక్కునే టైట్రేషన్ ప్రయోగంలో 25.00 అని నాలుగు అంకెలు ధైర్యంగా రాస్తారు.

సున్నాల గొడవ కూడా ఇందులోదే. 0.00450 గ్రాములు అంటే మొదట్లో ఉన్న సున్నాలు దశాంశ బిందువు ఎక్కడుందో చూపించడానికే, మిల్లీగ్రాముల్లోకి మారిస్తే 4.50 అవుతుంది, మాయమైపోతాయి. యూనిట్ మారిస్తే పోయే సున్నా కొలతలో భాగం ఎలా అవుతుంది? చివర ఉన్న సున్నా అలా పోదు, కాబట్టి మూడు సార్థక అంకెలు. 1500 అని ఊరికే రాస్తే మాత్రం ఎవ్వరూ చెప్పలేరు, రెండు కావచ్చు, మూడు కావచ్చు, నాలుగు కావచ్చు. దీనికి రూలు కనిపెట్టి వాదించుకోవడం కంటే 1.50 × 10³ అని రాసేస్తే గొడవ వదిలిపోతుంది. ఘాతాల పద్ధతి పెద్ద సంఖ్యల్ని పొట్టిగా రాసుకోవడానికే అనుకుంటారు గానీ, ఎన్ని అంకెలు నమ్మాలో చెప్పడానికి కూడా అంతకంటే శుభ్రమైన దారి లేదు.

కూడిక, తీసివేతల్లో దశాంశ స్థానాలు చూడమంటారు, గుణకారం, భాగహారాల్లో మొత్తం అంకెలు చూడమంటారు, ఎందుకీ తేడా అంటే చాలా పుస్తకాలు చెప్పవు. 104.3 గ్రాముల బీకరులో 0.2146 గ్రాముల ఉప్పు వేస్తే మొత్తం 104.5146 అని రాయకూడదు, ఎందుకంటే బీకరు తూకంలో ఒకటో దశాంశం దగ్గరే ఊగుతోంది, దాని తర్వాతి స్థానాల్లో ఉప్పు ఎంత కచ్చితంగా తెలిసినా ఆ ఊగుడులో కొట్టుకుపోతుంది, కాబట్టి 104.5. కూడికలో ఊగే స్థానం స్థిరంగా ఉంటుంది. గుణకారంలో అలా కాదు, అక్కడ తప్పు నిష్పత్తిలో పోతుంది, ఒక సంఖ్యలో 3 శాతం డౌట్ ఉంటే జవాబులోనూ కనీసం అంతే ఉంటుంది.

అసలు ప్రమాదం తీసివేతలో ఉంది, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. వేడి కొలిచే కేలరీమీటర్ ప్రయోగంలో నీటి ఉష్ణోగ్రత 22.1 నుంచి 24.6 డిగ్రీల సెల్సియస్‌కి పెరిగిందనుకోండి. రెండు రీడింగుల్లోనూ మూడేసి సార్థక అంకెలున్నాయి, తేడా 2.5లో రెండే మిగిలాయి. 100.0 గ్రాముల నీళ్ళు, 4.184 జౌళ్ళ విశిష్టోష్ణం (ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి కావాల్సిన శక్తి), అన్నీ గుణిస్తే 1046 జౌళ్ళు వస్తుంది, నీళ్ళని నాలుగు అంకెల కచ్చితత్వంతో తూచినా ప్రయోజనం లేదు, జవాబు 1.0 × 10³ జౌళ్ళే. ఇలాంటి ప్రయోగంలో డబ్బు పెట్టాల్సింది మంచి బ్యాలెన్స్ మీద కాదు, మంచి థర్మామీటర్ మీద. సార్థక అంకెల వల్ల ఉపయోగం ఏంటి అని అడిగేవాళ్ళకి ఇదే జవాబు: ప్రయోగంలో బలహీనమైన కొలత ఏదో లెక్క మొదలెట్టకముందే కనపడుతుంది. అలాగే 0.01 గ్రాము దాకా చూపించే బ్యాలెన్స్ మీద 0.05 గ్రాముల పొడి తూస్తే ఒక్కటంటే ఒక్క సార్థక అంకె వస్తుంది, దాని మీద ఎంత గొప్ప లెక్క కట్టినా పునాదిలోనే 20 శాతం ఊగుతూ ఉంటుంది.

చివరి అంకెలకి ఎంత విలువుంటుందో చూపించడానికి కెమిస్ట్రీ చరిత్రలో బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ కథని మించింది లేదు. 1890ల మొదట్లో ఆయన నైట్రోజన్ సాంద్రత కొలుస్తున్నాడు. గాలిలోంచి ఆక్సిజన్ వగైరా తీసేసి మిగిలిన నైట్రోజన్‌తో ఒక గాజు గోళం నింపి తూస్తే దాదాపు 2.310 గ్రాములు వచ్చింది. అమ్మోనియా లాంటి రసాయనాల నుంచి తయారుచేసిన నైట్రోజన్‌ని అదే గోళంలో అవే పరిస్థితుల్లో నింపితే 2.299 గ్రాములు వచ్చింది. రెండు అంకెలకి రౌండ్ చేస్తే రెండూ 2.3, కథ అక్కడితో అయిపోయేది. ఆయన అలా వదల్లేదు, ఎందుకంటే తన తూకాలు ఒకదానితో ఒకటి ఎంత దగ్గరగా వస్తాయో ఆయనకి తెలుసు, ఆ 11 మిల్లీగ్రాముల తేడా చేతి వణుకు వల్ల వచ్చేది కాదని కూడా తెలుసు. 1892లో, ఈ తేడా మొదట కనపడినప్పుడే, నేచర్ అనే సైన్స్ పత్రికకి ఉత్తరం రాసి దీనికి కారణం ఎవరైనా చెప్తారా అని అడిగాడు. చివరికి కెమిస్ట్ విలియం రామ్సేతో కలిసి 1894లో తేల్చిందేంటంటే, గాలి నుంచి తీసిన నైట్రోజన్‌లో అంతకంటే బరువైన ఇంకో వాయువు కలిసి ఉంది, అదే ఆర్గాన్, గాలిలో దాదాపు 0.93 శాతం. అందరూ రోజూ పీలుస్తున్న గాలిలోనే ఉండి, దేనితోనూ చర్య జరపదు కాబట్టి అంతకాలం దొరక్కుండా తప్పించుకుంది. 1904లో రేలీకి ఫిజిక్స్‌లో, రామ్సేకి కెమిస్ట్రీలో నోబెల్ వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది రేలీ ఎక్కువ అంకెలు రాశాడని కాదు, కాలిక్యులేటర్ కూడా రాస్తుంది ఎక్కువ అంకెలు. రాసిన ప్రతి అంకెకీ వెనకాల ఒక తూకం ఉంది, అదీ తేడా.

ఇక ఈ రూల్సు దేవుడిచ్చినవి కావు అనేది కూడా చెప్పుకోవాలి. 98ని 1.02తో గుణిస్తే 99.96. రెండు అంకెలకి తగ్గించాలి అనే రూలు ప్రకారం 1.0 × 10² అవ్వాలి. కానీ 98లో ఊగుడు దాదాపు 1 శాతం, 1.0 × 10² అని రాస్తే దాదాపు 10 శాతం ఊగుతున్నట్టు చెప్పినట్టు, అనవసరంగా సమాచారం పారేసినట్టు. ఇక్కడ 1.00 × 10² అనడమే నిజానికి దగ్గర. సార్థక అంకెల రూలు అనేది అనిశ్చితి లెక్కకి ఒక మోటు షార్ట్‌కట్, సీరియస్ పనిలో 99.96 ± ఇంత అని రాసేస్తారు, అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చోరు. మొదటి సంవత్సరం స్టూడెంట్‌కి షార్ట్‌కట్ చాలు, కానీ అది షార్ట్‌కట్ అని చెప్పాలి కదా.

ఇంకో సంగతి, సార్థక అంకెలు ఎక్కువున్నాయంటే కొలత సరైనదని కాదు. సున్నా సరిచేయని బ్యాలెన్స్ 12.3047 అని ఎన్నిసార్లు పెట్టినా అదే చూపిస్తుంది, ప్రతిసారీ తప్పే చూపిస్తుంది. ప్రెసిషన్ (ప్రతిసారీ ఒకేలా రావడం) ఉంది, అక్యురసీ (అసలు విలువకి దగ్గరగా ఉండటం) లేదు. పరికరం మొత్తంగా పక్కకి జరిగి ఉంటే ఆ సంగతి అంకెల సంఖ్య చూసి ఎప్పటికీ పట్టుకోలేం, తెలిసిన బరువుతో సరిచూసుకోవాల్సిందే.

కొన్ని సంఖ్యలు అసలు ఊగవు. లెక్కపెట్టినవి, నిర్వచనంతో వచ్చినవి. ఒక అణువులో 2 హైడ్రోజన్ పరమాణువులు అంటే అది 2.000… అని ఎంత దూరమైనా వెళ్తుంది. ఒక అంగుళం 2.54 సెంటీమీటర్లు అనేది కొలిచింది కాదు, నిర్ణయించింది, కాబట్టి దాంతో గుణిస్తే జవాబుని మూడు అంకెలకి కోయక్కర్లేదు. ఒక అట్మాస్ఫియర్ 101325 పాస్కల్స్ కూడా అంతే. అవగాడ్రో సంఖ్య మాత్రం ఈ మధ్యే పార్టీ మారింది. 2019 మే 20 ముందు దాకా అది కొలిచి తెలుసుకోవాల్సిన సంఖ్య, 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులున్నాయి అనేది దాని నిర్వచనం. ఆ రోజు నుంచి అది సరిగ్గా 6.02214076 × 10²³, ఇక ఊగుడు లేదు. మరి ఊగుడు ఎక్కడికి పోయింది? కార్బన్-12 మోలార్ ద్రవ్యరాశి (ఒక మోల్, అంటే అవగాడ్రో సంఖ్యన్ని పరమాణువుల బరువు) లోకి పోయింది, అంతకుముందు సరిగ్గా 12 గ్రాములు అయిన అది ఇప్పుడు కొలవాల్సిన విలువ అయింది, తొమ్మిది అంకెల దాకా తేడా ఏమీ కనపడదు కాబట్టి ల్యాబ్‌లో ఎవరికీ నష్టం లేదు. కిలోగ్రాము కూడా అదే రోజు మారింది. 1889 నుంచి పారిస్ దగ్గర సేవ్ర్‌లో దాచిన ప్లాటినం-ఇరిడియం స్థూపమే కిలోగ్రాము, దాని కాపీలతో పోల్చి చూస్తే వందేళ్ళలో 50 మైక్రోగ్రాముల వరకు తేడా వచ్చింది. తమాషా ఏంటంటే నిర్వచనం ప్రకారం ఆ స్థూపం తప్పే అవ్వదు, అది చిక్కిపోతే ప్రపంచమంతా బరువెక్కినట్టు! ఇప్పుడు కిలోగ్రాము ప్లాంక్ స్థిరాంకం అనే మారని ప్రకృతి సంఖ్యకి కట్టేసి ఉంది.

మిల్లీలీటరు, ఘన సెంటీమీటరు ఒకటేనా అని అడిగితే ఇప్పుడు ఒకటే, 1901 నుంచి 1964 దాకా మాత్రం కాదు. ఆ రోజుల్లో లీటరు అంటే ఒక కిలో నీళ్ళు ఆక్రమించే చోటు, అది 1.000028 ఘన డెసీమీటర్లు అని తేలింది. నాలుగు అంకెల్లో పనిచేసేవాళ్ళకి ఈ తేడా ఉన్నట్టే తెలీదు, ఆరు అంకెల్లో పనిచేసేవాళ్ళకి తలనొప్పి.

పీరియాడిక్ టేబుల్ చూస్తే ఫ్లోరిన్ పరమాణు భారం 18.998403 అని బోలెడు అంకెలతో ఉంటుంది, సీసం మాత్రం 207.2 దగ్గర ఆగిపోతుంది. సీసాన్ని తూచడం రాక కాదు. ఫ్లోరిన్‌కి స్థిరమైన ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకం) ఒక్కటే, ఎక్కడినుంచి తెచ్చినా అదే. సీసంలో కొంత యురేనియం, థోరియం క్షీణించగా వచ్చింది ఉంటుంది, కాబట్టి ఏ గనిలోది అనేదాన్ని బట్టి ఐసోటోపుల పాళ్ళు మారతాయి, సగటు బరువూ మారుతుంది. 207.2 తర్వాత అంకె రాయాలంటే ఏ రాయిలోంచి వచ్చిన సీసమో చెప్పాలి. ఇక్కడ ఊగేది పరికరం కాదు, పదార్థమే.

పీహెచ్ దగ్గర ఇంకో మెలిక. హైడ్రోజన్ అయాన్ గాఢత లీటరుకి 1.8 × 10⁻⁵ మోల్స్ అయితే, దాని లాగరిథమ్‌ని గుర్తు మార్చి రాసే పీహెచ్ 4.74. మూడు అంకెలు కనపడుతున్నాయి కదా అంటే, ముందున్న 4 కేవలం పది ఘాతం నుంచి వచ్చింది, 0.0045లో మొదటి సున్నాల్లాగే చోటు చెప్పే అంకె, కొలత సంగతి చెప్పేది 74 మాత్రమే. అందుకే దశాంశ బిందువు తర్వాత ఉన్నవే లెక్క.

రౌండ్ చేయడం చివర్లో ఒక్కసారే. 1.50 గ్రాముల సోడియం క్లోరైడ్‌ని దాని మోలార్ ద్రవ్యరాశి 58.44తో భాగిస్తే 0.025667 మోల్స్, దాన్ని మధ్యలోనే 0.026 చేసేసి ద్రావణం ఘనపరిమాణం 0.2500 లీటర్లతో భాగిస్తే 0.104 వస్తుంది, అలాగే ఉంచి భాగిస్తే 0.103. రెండుసార్లు రౌండ్ చేయడం ఇంకా ఘోరం, 2.448ని ముందు 2.45 చేసి తర్వాత 2.5 చేస్తారు, నేరుగా చేస్తే అది 2.4.

ఇంత జాగ్రత్తా పడి యూనిట్ తప్పితే మొత్తం పోయినట్టే. 1983 జూలై 23న ఎయిర్ కెనడా 143 విమానం గాల్లో ఉండగా ఇంధనం అయిపోయింది. అప్పుడు కెనడా మెట్రిక్‌కి మారుతోంది, ఆ బోయింగ్ 767 కిలోల లెక్కలో పనిచేసేది. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి, ట్యాంకులో ఉన్న లీటర్లని కిలోల్లోకి మార్చడానికి 1.77 అనే సంఖ్య వాడారు, అది లీటరుకి పౌండ్ల సంఖ్య. కావాల్సింది దాదాపు 0.80. సగానికన్నా తక్కువ ఇంధనంతో ఎగిరి, గిమ్లీ అనే చోట పాత ఎయిర్‌బేస్ రన్‌వే మీద ఇంజన్లు లేకుండా దిగింది, ఎవరూ చనిపోలేదు. గుణకారంలో తప్పు లేదు, 1.77కి మూడు చక్కటి సార్థక అంకెలు కూడా ఉన్నాయి. కానీ దాని పక్కన లీటరుకి కిలోలు అని ఒక్కసారి కాగితం మీద రాసి ఉంటే, విమాన ఇంధనం నీళ్ళ మీద తేలే ద్రవం, దాని సాంద్రత 1 కన్నా తక్కువుండాలి కదా, 1.77 ఎలా అవుతుంది అనే డౌట్ వచ్చుండేది. యూనిట్ రాయడం మార్కుల కోసం కాదు, సంఖ్యని ప్రశ్నించడానికి ఒక పిడి దొరుకుతుంది.

క్లాసులో జరిగే యూనిట్ తప్పులు ఇంత భయంకరం కాదు గానీ అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. మీటరులో 100 సెంటీమీటర్లు కాబట్టి ఘన మీటరులో కూడా 100 ఘన సెంటీమీటర్లు అనుకోవడం, నిజానికి పది లక్షలు. వాయు స్థిరాంకం 8.314 వాడుతూ పీడనం అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణం లీటర్లలో పెట్టడం, దానికి 0.08206 వాడాలి, జవాబు దాదాపు 101 రెట్లు తేడా వచ్చిందంటే దొంగ ఇక్కడే ఉన్నాడు. 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకి వేడి చేస్తే ఉష్ణోగ్రత రెట్టింపు అయిందని వాయువు ఘనపరిమాణాన్ని రెట్టింపు చేసేయడం, కెల్విన్‌లో చూస్తే అది 293 నుంచి 313 మాత్రమే, 7 శాతం పెరుగుదల. ఇక ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర ఒక మోల్ వాయువు 22.4 లీటర్లా 22.7 లీటర్లా అనే గొడవ చాలాకాలంగా ఉంది, 22.4 అనేది ఒక అట్మాస్ఫియర్ లెక్క, 1982లో ఐయూపీఏసీ (అంతర్జాతీయ కెమిస్ట్రీ సంఘం) ప్రామాణిక పీడనాన్ని ఒక బార్‌కి మార్చాక 22.7 అయింది, పాత పుస్తకాలూ కొత్త పుస్తకాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి కాబట్టి ఏ పీడనమో రాసి మరీ వాడాలి.

ఇంత చెప్పాక ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్ళ గురించి కూడా ఒక మాట. 5 గ్రాముల సోడియం క్లోరైడ్‌ని 250 మి.లీ. నీటిలో కరిగించారు, మోలారిటీ (లీటరుకి ఎన్ని మోల్స్) కనుక్కోండి అని ఇస్తారు, జవాబు మాత్రం 0.342 అని మూడు అంకెల్లో ఉంటుంది. రూలు నిజంగా పాటిస్తే ఆ 5కి ఒక్క అంకే దక్కుతుంది, జవాబు 0.3 దగ్గర ఆగాలి. ఎక్కడా చెప్పకుండా మూడు అంకెలు అనుకోండి అనే అలవాటు ఒకటి నడుస్తోంది, ఒక చాప్టర్‌లో నేర్పించి మిగతా అన్ని చాప్టర్లలో వాళ్ళే ఉల్లంఘిస్తుంటే పిల్లలు దాన్ని సీరియస్‌గా తీసుకోకపోవడంలో వింతేముంది. 5.00 గ్రాములు, 250.0 మి.లీ. అని అచ్చు వేయడానికి పట్టే సిరా ఎంత?